ముందరికి అంటే ఏ పక్క?

"నేను బానెట్ పక్క అన్నానా సార్?" అని మేస్త్రి నన్ను అడిగాడు.

గదిలో నలుగురం ఉన్నాం. మా పత్రిక బెంగళూరు ఎడిషన్ ఇన్‌ఛార్జి తన కుర్చీలో ఉంది. ఆమెకు ఎదురుగా దొడ్డబళ్ళాపురం నుంచి వచ్చిన మరమగ్గాల యజమాని. ఆయన పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న మేస్త్రి. గోడవారన నేను. బల్ల మీద బట్టల దుకాణం కవరు ఒకటి ఉంది. దాని మీద ఓ పాత కారు ఏరియల్ మోటారు, అందులోకి సగం దూరి మెలికపడి ఇరుక్కుపోయిన నైలాన్ తాడు. పక్కనే మా పత్రికలోంచి కత్తిరించిన ముక్క, మేస్త్రి ఫొటోతో, పేరుతో.

ఆయన అడిగినదానికి జవాబు నాకు తెలుసు. ఆయన బానెట్ అనలేదు. ఆ మాటకు దగ్గరగా కూడా ఏమీ అనలేదు.

"అలాగే అన్నారు" అన్నాను నేను.

పత్రికల్లో పని మొదలుపెడుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. డెస్క్‌లో జరిగే పెద్ద తప్పులేమిటో చెప్పమంటారు. చనిపోని వాళ్ళను చంపడం, ఒకరి ఫొటో కింద ఇంకొకరి పేరు పెట్టడం లాంటివి చెప్పి నవ్వించి పంపిస్తాను. ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఇది పైకి చాలా చిన్న తప్పు. కారు ఏరియల్ తాడుకు ఉండే పళ్ళు ఎటు తిరగాలన్నదాంట్లో జరిగిన పొరపాటు. దాని వెనక ఉన్నది మాత్రం చిన్నది కాదు. అది అసూయ.

మొదటి నుంచి చెబుతాను.

నాది తెనాలి వైపు. మా పత్రిక బెంగళూరులో ఎడిషన్ పెట్టినప్పుడు సబ్ ఎడిటర్‌గా వచ్చి, ఇక్కడే రిటైరయ్యాను. ఆదివారం అనుబంధంలో వాహనాల గురించి పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఒకటి ఉండేది. రాయడానికి ఎవరూ లేక నా నెత్తిన పడింది. పదకొండేళ్ళు రాశాను. ఆ పదకొండేళ్ళూ నాకు కారు లేదు. ఇప్పుడూ లేదు. స్కూటర్ ఉండేది, దాని ప్లగ్గు కూడా నేను మార్చుకోలేదు. అయినా జవాబులు తప్పు పోయేవి కావు. వాటి వెనక నగర్తపేటలో ఒక మేస్త్రి ఉండేవాడు కాబట్టి.

ఆయనది కార్ల కరెంటు పని. హారన్లు, వైపర్ మోటార్లు, రేడియోలు బాగుచేస్తాడు. ఆయన అంగడి ఉన్న సందులోకి కారు రాదు. బండిని బయట రోడ్డు మీద పెట్టి వచ్చి చెబితే, సంచి భుజాన వేసుకుని ఆయనే వెళ్తాడు. వాళ్ళ ముత్తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చారట. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, అంగట్లో వచ్చినవాడిది ఏ భాషైతే ఆ భాష. తెలుగు గలగలా మాట్లాడతాడు కానీ చదవడం రాదు. పాత బెంగళూరు తెలుగువాళ్ళలో ఇది వింతేమీ కాదు. ఆయన సంతకం కన్నడంలో ఉంటుంది, లెక్క కన్నడంలో ఉంటుంది, కోపం తెలుగులో ఉంటుంది.

నేను వారానికోసారి వెళ్ళి పాఠకుల ప్రశ్నలు చదివి వినిపించేవాణ్ణి. ఆయన చేతిలో పని ఆపకుండానే జవాబు చెప్పేవాడు. నేను ఆఫీసుకు వచ్చి దాన్ని మంచి తెలుగులో రాసి, కింద నా పేరు పెట్టుకునేవాణ్ణి. ఆయన ఎన్నడూ ఏమీ అడగలేదు. నాకూ అది తప్పనిపించలేదు. విలేఖరి పది మందిని అడిగి తన పేరుతో రాయడం మా వృత్తి పద్ధతే కదా అనుకున్నాను.

కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నది. నన్ను గురువుగారూ అని పిలిచేది. మా వృత్తిలో ఆ పిలుపులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో పిలిచేవాళ్ళకే తెలియాలి. ఒకరోజు ఆమె కారు హారన్ మూగబోయింది. మేస్త్రి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అదే నేను చేసిన మొదటి తప్పు. ఆయన హారన్ విప్పుతూ ఆమెకు అది ఎందుకు పోయిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె కాసేపు విని, ఫోన్ తీసి రికార్డు చేసింది. ఆఫీసుకు వచ్చాక మళ్ళీ విని, నా బల్ల దగ్గరికి వచ్చింది.

"గురువుగారూ, వచ్చే వారం నుంచి ఇది ఆయన పేరుతో, ఆయన మాటల్లోనే వెళ్ళాలి. మీరు రాసి పెట్టండి. కానీ బాగుచేయకండి" అంది.

ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్న పనే బాగుచేయడం. ఎవరి రాత వచ్చినా దాని మట్టి కడిగి, వంకర తీసి, అక్షరం ఎక్కువ కాకుండా తక్కువ కాకుండా నిలబెట్టడం. ఆ పనికి నాకు జీతం ఇచ్చారు, అప్పుడప్పుడు మెచ్చుకున్నారు. ఇప్పుడు అది చేయకపోతేనే మంచిదంటోంది.

మేస్త్రికి చెబితే మొదట నవ్వాడు. తర్వాత భయపడ్డాడు. తనకు తెలుగు చదవడం రాదన్న సంగతి బయటికి పొక్కకూడదని మాట తీసుకున్నాడు. పేపర్లో రాసేవాడికి చదవడం రాదంటే నవ్వుతారు కదా సార్ అన్నాడు. ఇన్‌ఛార్జి, నేను ఆ మాట ఇచ్చాం.

పద్ధతి ఇలా కుదిరింది. ప్రశ్నలు నేను ఫోన్‌లో చదివి వినిపిస్తాను. ఆయన తీరిక చూసుకుని ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపుతాడు. ప్రతి రికార్డూ "సార్, ఉండారా?" అని మొదలయ్యేది. నేను అవతల వింటున్నట్టు ఓ క్షణం ఆగి, తర్వాత సంగతిలోకి వెళ్ళేవాడు. వెనక సుత్తి చప్పుడు, సందులో బరువులు మోసేవాళ్ళ కేకలు, ఎవరో టీ కావాలా అని అడగడం, అన్నీ ఉండేవి. నేను చెవుల్లో పెట్టుకుని రాసుకునేవాణ్ణి.

మూడో వారం నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. నా పదకొండేళ్ళలో వచ్చినవన్నీ ప్రశ్నలే. ఇవి ప్రశ్నలు కావు, మెప్పులు. బ్యాటరీ దిగిపోయిన కారు గురించి ఆయన "పొద్దున లేయని మొగుడి మాదిరి, అరిస్తే లేయడు, కాఫీ ఇయ్యల్ల" అన్నాడు. ఆ వాక్యం నేను ఉన్నదున్నట్టు రాశాను. దాని మీదే ఎన్ని ఉత్తరాలు వచ్చాయో. హోసూరు నుంచి ఒక టీచరమ్మ, తమకు కారు లేదని, కొనే ఆలోచన కూడా లేదని, అయినా ఆదివారం ఆ శీర్షిక పైకి చదివి ఇంటిల్లిపాదీ వింటున్నామని రాసింది. చివర్లో ఒక మాట చేర్చింది. ఇంతకుముందు అక్కడ ఎవరో రాసేవారు, బాగానే ఉండేది, పేరు గుర్తులేదు.

ఆ ఉత్తరం నా సొరుగులో చాలాకాలం ఉంది.

అసూయ అంటే మంట అంటారు. నాకు మంటలా రాలేదు. పంటి సందున ఇరుక్కున్న పీచులా వచ్చింది. రోజంతా నాలుక అక్కడికే పోయేది. ఆయన చదువుకోని మనిషి కాబట్టి తేలిగ్గా తీసుకుందామని చూశాను, కుదరలేదు. ఆయన వాక్యాలు విడదీసి చూసేవాణ్ణి. క్రియ ఎక్కడ పెట్టాడు, ఎందుకు అక్కడే ఆగాడు అని. ఎక్కడా తప్పు దొరికేది కాదు. నేను ఎన్నో ఏళ్ళు తంటాలు పడి నేర్చుకున్నది, వినేవాడు ఎదురుగా ఉన్నట్టు రాయడం. ఆయనకు అది ఎవరూ నేర్పలేదు, ఎందుకంటే ఆయనకు వినేవాడు ఎప్పుడూ ఎదురుగానే ఉన్నాడు.

మెల్లగా నేను చిన్న పనులు మొదలుపెట్టాను. ఉత్తరాలు ఫోన్‌లో చదివేటప్పుడు ప్రశ్నలు చదివి, మెప్పులు వదిలేసేవాణ్ణి. ఆయన మాటల్లో మరీ మెరిసే వాక్యం ఉంటే, స్థలం చాలదని తీసేసేవాణ్ణి. వారానికి ఒకటి. రెండు తీస్తే ఇన్‌ఛార్జి కనిపెడుతుందని భయం. ఆమె అప్పుడప్పుడు "ఈ వారం మేస్త్రి కొంచెం డల్‌గా ఉన్నాడే" అనేది. నాకు ఆ పూట అన్నం రుచిగా ఉండేది.

మేస్త్రికి ఇదేమీ తెలియదు. ఆయన వేరే సంతోషంలో ఉన్నాడు. చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళు ఆయన్ని ఏడిపిస్తున్నారట. ఇక్కడ రైటర్ అంటే పోలీస్ స్టేషన్లో కేసులు రాసే కానిస్టేబుల్. "ఏం రైటరప్పా, యా స్టేషన్‌కి ట్రాన్స్‌ఫర్ అయినావు? అని అడుగుతా ఉండారు సార్" అని చెప్పి, ఫిర్యాదు చేస్తున్నట్టు మొహం పెట్టాడు. ఆ మొహంలో ఫిర్యాదు లేదు. ఆ వయసులో ఆయన కొత్త చొక్కాలు కుట్టించుకుని ఇస్త్రీ చేయించుకున్నాడు, మా ఆఫీసుకు రావడం కోసం.

ఆ సమయంలోనే దొడ్డబళ్ళాపురం నుంచి ఏరియల్ ప్రశ్న వచ్చింది.

ఈ తరం వాళ్ళకు కొంచెం చెప్పాలి. ఒకప్పటి ఖరీదైన కార్లకు రేడియో ఏరియల్ దానంతటదే లేచేది. రేడియో వేయగానే డిక్కీ పక్క రేకులోంచి జయ్యిమంటూ సన్నని స్టీలు కడ్డీ పైకి వచ్చేది. రేడియో ఆపితే లోపలికి దిగిపోయేది. ఆ కడ్డీ కింద ఒక నైలాన్ తాడు ఉంటుంది. తాడుకు ఒక వైపు రంపానికి ఉన్నట్టు పళ్ళు. లోపల మోటారుకు ఉన్న చక్రం ఆ పళ్ళను పట్టుకుని తాడును తోస్తుంది, లాగుతుంది. ఏళ్ళు గడిచాక తాడు పెళుసెక్కి తెగుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కడ్డీ మాత్రం కదలదు.

ఉత్తరం రాసినాయన ఇంటి కిందే మగ్గాలు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా వాటి చప్పుడు. వాళ్ళ నాయనకు ఎనభై దాటాయి. ఇంట్లో ఏమీ వినపడదని ఆ పెద్దాయన వాకిట్లో నిలిపిన పాత కార్లో కూర్చుని, అద్దాలెత్తుకుని, రేడియో వింటాడట. కారు నడిచి చాలాకాలమైనా బ్యాటరీ మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంచుతారట. ఆరు నెలలుగా ఏరియల్ లేవడం లేదు, స్టేషన్లు అందడం లేదు. పెద్దాయన అయినా రోజూ పోయి ఆ కార్లో కూర్చుంటున్నాడు. ఎక్కడెక్కడో వెతికి ఒక పాత సామాన్ల గుజిరీలో అదే కారుకు సరిపోయే కడ్డీ, తాడు సంపాదించాను, ఇంకొకటి దొరకదు, ఎలా వేయాలో చెప్పండి అని రాశాడు. తెలుగు బాగా రాశాడు. అక్కడి మగ్గాలవాళ్ళ ఇళ్ళలో తెలుగు చదువు పోలేదు.

నేను మేస్త్రికి చదివి వినిపించాను. మర్నాడు రికార్డు వచ్చింది. నేను విన్నవాటిలో అదే గొప్పది.

"సార్, ఉండారా? రేడియో వేస్తే జయ్యిమని శబ్దం వస్తా ఉండాది అంటే ప్రాణం ఉండాది, భయపడొద్దు. శబ్దమే రాకుంటే ఫ్యూజు జూడాల. ఇప్పుడు పైన నట్టు విప్పి రేడియో వెయ్యి. లోపల ఉండే పాత తాడుని అదే బయటికి దొబ్బుతాది. గుంజొద్దు. మళ్ళ కొత్త తాడు దించాల. డిక్కీ కాడ నిలబడుకో. తాడు పళ్ళు ముందరికి ఉండాల. ముందరికి అంటే ఎట్లనుకున్నావు, అవి నిన్నే జూస్తా ఉండాల, పెండ్లిచూపుల్లో పిల్ల మాదిరి. ఆ పక్కకి తిరుక్కుంటే పెండ్లి కాదు. సరిగా దిగినాక ఇంట్లోవాళ్ళని పిలిచి రేడియో ఆపమను. నీ చేతిలోనించి తాడుని అదే ఈడ్చుకుంటాది."

అంగట్లో పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు పెళ్ళిచూపుల మాట ఆయన ఎప్పుడూ చెబుతాడని తర్వాత తెలిసింది. నాకు మాత్రం అదే మొదటిసారి. ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఒక మనిషి ఎటు నిలబడాలో, ఒక తాడు ఎటు తిరగాలో, ఇంత తప్పు పోనివ్వకుండా, ఇంత నవ్వుతూ నేను నా జన్మలో చెప్పలేను.

పేజీ పెట్టే టైముకు రెండు లైన్లు ఎక్కువయ్యాయి. ఇది నిజం. నేను కల్పించుకున్నది కాదు. కడ్డీని నెలకోసారి గుడ్డతో తుడవాలన్న సలహా ఒకటి చివర్లో ఉంది. అంతకు రెండు వారాల ముందే ఇంకో జవాబులో వచ్చిన సలహా. డెస్క్‌లో ఎవరైనా ముందు దాన్నే తీస్తారు. నేను పెళ్ళిచూపులు తీశాను. తీశాక "పళ్ళు ముందరికి ఉండాలి" అన్నది ఒంటరిగా మిగిలింది. అది అసంపూర్తిగా ఉందనిపించింది. ఏదో ఒకటి స్పష్టం చేయాలి కదా. "తాడు పళ్ళు కారు ముందుభాగం వైపు ఉండాలి" అని దిద్దాను. చూడటానికి చక్కగా ఉంది. వ్యాకరణం సరిపోయింది. లైన్లు సరిపోయాయి.

మీ ముందర కూర్చున్నాడు అంటే మీకు ఎదురుగా అని. కారు ముందుభాగం అంటే బానెట్. డిక్కీ దగ్గర నిలబడ్డవాడికి ఈ రెండూ పూర్తిగా వ్యతిరేక దిక్కులు. ఈ సంగతి నాకు ఆ క్షణంలో తట్టిందా లేదా అని నన్ను నేను ఇప్పటికి చాలాసార్లు అడిగాను. తట్టలేదనే అనుకుంటున్నాను.

మూడు వారాల తర్వాత ఆ మగ్గాల యజమాని ఫోన్ చేసి, తానే వస్తానన్నాడు. ఇన్‌ఛార్జి మేస్త్రిని కూడా రమ్మంది. పాఠకుడు మెచ్చుకోవడానికి వస్తున్నాడనుకుని మేస్త్రి కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.

ఆ మనిషి గొడవ చేయలేదు. గొడవ చేసినా బాగుండేది. కవరు విప్పి మోటారు బల్ల మీద పెట్టాడు.

"మీరు రాసినట్లే పెట్టినానప్పా. తాడు దిగల్యా. రాసినాయనకు తెలీకుండా ఉంటాదా అని గట్టిగా దొబ్బినా. లోపల మెలిక పడిపాయ. మోటార్ ఆగకుండా తిరిగి వాసనొచ్చింది" అన్నాడు.

మేస్త్రి మోటారు అటూ ఇటూ తిప్పి చూశాడు. తాడు వేలితో తడిమాడు. పళ్ళు ముందరికి పెట్టినారా అని అడిగాడు. పెట్టినానన్నాడు ఆయన.

"ముందరికి అంటే యా పక్క?"

"బానెట్ పక్క. పేపర్లో అట్లే ఉండాది కదా."

మేస్త్రి బల్ల మీది పేపరు ముక్క తీసుకున్నాడు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆయన చూపు ఎడమ నుంచి కుడికి మెల్లగా పోయింది, చదువుతున్నవాడి చూపులాగే. ఆయనకు అందులో ఒక్క అక్షరం తెలియదని ఆ గదిలో ముగ్గురికి తెలుసు. తెలియనిది ఆ పాఠకుడికి మాత్రమే. ఆయన ముందు ఎవరినైనా చదివి వినిపించమని అడిగితే పరువు పోతుంది. ముక్కను మడత మీద జాగ్రత్తగా మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"పెండ్లిచూపులు అని ఉంటాది కదా?" అని పాఠకుణ్ణి అడిగాడు.

"పెండ్లిచూపులా? అట్లాంటిదేం ల్యాదప్పా."

అప్పుడే మేస్త్రి నా వైపు తిరిగి, మొదట్లో నేను రాసిన ప్రశ్న అడిగాడు. నేను మొదట్లో రాసిన జవాబు చెప్పాను. ఇన్‌ఛార్జి, రికార్డు ఉందా గురువుగారూ, ఒకసారి విందాం అంది. పేజీ అయ్యాక తీసేస్తుంటానని చెప్పాను. అది నిజమే. నా ఫోన్ పాతది, స్థలం ఉండదు. ఒక అబద్ధం తర్వాత నిజం చెబితే అది కూడా అబద్ధానికే సాయం చేస్తుందని ఆ రోజు తెలుసుకున్నాను.

 మేస్త్రి పాఠకుడి వైపు తిరిగాడు.

"ఎప్పుడూ చెప్పే మాటప్పా అది. ఈ సారి మరిసిపోయింటా. వేరే ఏదో తలకాయలో పెట్టుకోని అనింటా. తప్పు నాదే" అన్నాడు.

నేను నోరు తెరవడానికి అప్పుడు కూడా వ్యవధి ఉంది. టీ వచ్చింది. అందరం తాగాం.

సవరణ నన్నే రాయమన్నారు. పత్రికల్లో సవరణకు ఒక ఆచారం ఉంది. తప్పు ఎవరిదో ఎప్పుడూ చెప్పం. "పొరపాటు దొర్లింది" అంటాం, అది తనంతట తానే ఎక్కడినుంచో దొర్లుకుంటూ వచ్చినట్టు. నేను అలాగే రాసి ఇచ్చాను. ఇన్‌ఛార్జి చదివి, ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి ఆయన పేరుతోనే వేద్దాం, పాఠకులకు మర్యాదగా ఉంటుంది అంది. నేను అభ్యంతరం చెప్పలేదు. మళ్ళీ రాశాను. నాలుగు లైన్లు. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. నా ఉద్యోగంలో అంత శుభ్రంగా రాసినవి తక్కువ.

మేస్త్రి ఆ వారమే మానేశాడు. నేను నగర్తపేట వెళ్ళి అడిగాను. అడిగానని చెప్పుకోవడానికి అడిగానేమో. ఆయన ఒక వైపర్ మోటారు విప్పుతున్నాడు. తలెత్తలేదు.

"మాట్లాడేటప్పుడు తప్పొస్తే ఎదురుగా ఉండేవాని మొగం జూసి దిద్దుకోవచ్చు సార్. పేపర్లో మొగం కనపడదు. ఇది నా పని కాదు" అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఆయన సంచి వేసుకుని బస్సులో దొడ్డబళ్ళాపురం పోయాడట. ఇది నాకు ఆ మగ్గాల యజమానే చెప్పాడు. ఇంకేదో కారు తాడు కోసి, కొలత సరిచేసి, మోటారు చక్రం మార్చి, సాయంత్రందాకా అక్కడే ఉన్నాడట. ఏరియల్ ఇప్పుడు పూర్తిగా లేవదు, మూడొంతులు లేస్తుంది. స్టేషన్లకు అది చాలు. పెద్దాయన ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వార్తలన్నీ అయిందాకా లేవనివ్వలేదట.

శీర్షిక మళ్ళీ నాకు వచ్చింది, నా పేరుతోనే. రిటైరయ్యేదాకా పద్నాలుగు నెలలు రాశాను. హోసూరు టీచరమ్మ ఒకే ఒక కార్డు రాసింది, మేస్త్రిగారికి ఒంట్లో బాగాలేదా అని. దానికి జవాబు రాయలేదు. మరి జవాబులకు నగర్తపేట వెళ్ళేవారా అని మీరు అడగొచ్చు. వెళ్ళేవాణ్ణి. ఆయన ఎప్పటిలాగే చేతిలో పని ఆపకుండా చెప్పేవాడు. పోలికలు మాత్రం వేసేవాడు కాదు. ఏ తీగ ఎక్కడ కలపాలో అంతవరకే చెప్పేవాడు. నేను రాసుకునేవాణ్ణి. తీసేయడానికి అందులో ఏమీ ఉండేది కాదు.

నాకు కావలసింది దక్కింది కదా, మరి అసూయ పోవాలి. పోలేదు. ఇప్పుడూ ఎక్కడైనా ఏరియల్ లేచిన పాత కారు కనపడితే ఆ పెళ్ళిచూపుల వాక్యం గుర్తొస్తుంది, అది నాది కాకపోయెనే అనిపిస్తుంది. చేసినదానికి సిగ్గు తర్వాత వస్తుంది. ముందు వచ్చేది అదే. ఈ వయసులో అబద్ధం ఎందుకు.

చెబుదామని రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి అంగట్లో జనం ఉన్నారు. ఇంకోసారి ఎవరూ లేరు. ఆయన కుర్చీ తుడిచి వేసి, సార్ ఒంట్లో ఎట్లా ఉండాది అని అడిగాడు. బీపీ గురించి మాట్లాడి వచ్చేశాను.

పోయిన నెల ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో పాత హుషారు ఉంది. చిన్న కొడుక్కి పెళ్ళయిందట. కోడలిది మదనపల్లె, తెలుగు మీడియంలో చదివిన పిల్ల. ఆయన శీర్షికలన్నీ కత్తిరించి, వారం వారీగా పేర్చి, ఒక ఇనప్పెట్టెలో దాచాడట. చదవడం రాకపోయినా. కోడలు వాటిని చూసి, ఆదివారానికొకటి మామకు పైకి చదివి వినిపిస్తోంది. అంతటితో ఆగలేదు. నాకు పంపిన రికార్డులన్నీ ఆయన ఫోన్‌లో అలాగే ఉన్నాయట. ఆ రోజు ఇన్‌ఛార్జి గదిలో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ముందు ఆయన గొంతు పెట్టి విని, తర్వాత పేపర్లో ఉన్నది చదువుతారట, రెండూ కలుస్తాయా లేదా అని ఇంటిల్లిపాదికీ అదొక ఆట.

"ఒకో వారంలో ఒకో మాట ల్యాదు సార్" అన్నాడు. "జాగా చాలల్యేదేమో అని చెప్పినా కోడలికి."

అవును, జాగా చాలలేదు అన్నాను.

వాళ్ళు పందొమ్మిదో వారం దాకా వచ్చారు. ఏరియల్ వారం ఇరవై ఏడోది.